కులూ శాలువా వయసెంత?

పెళ్ళయిన కొత్తలో మనాలి వెళ్ళొచ్చిన జంట ఉన్న ఇంట్లో బీరువా తెరిస్తే, కలరా ఉండల వాసన మధ్య కులూ శాలువా ఒకటి మడతపెట్టి కనిపిస్తుంది. ఏడాదికోసారి ఎండలో వేస్తారు, మళ్ళీ లోపల పెట్టేస్తారు. హైదరాబాదు చలికే అది ఎక్కువ, విజయవాడ సంగతి చెప్పనే అక్కర్లేదు. నలుపో బూడిదరంగో ప్లెయిన్ బాడీ, రెండు కొసలా మెట్లుమెట్లుగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముగ్గులు. అమ్మినాయన ‘వందల ఏళ్ళ నాటిది’ అనే చెప్పి ఉంటాడు. ముగ్గుల వరకు ఆ మాట ఎంతో కొంత నిజం. శాలువా మాత్రం మన అమ్మమ్మల ఈడుది.

అంతకుముందు కులూ లోయలో ఉన్నది పట్టు. మనం పెళ్ళిళ్ళకు కట్టే పట్టు కాదు, అక్కడ ఆ మాటకు అర్థం ఉన్ని బట్ట. గళ్ళ దుప్పటి లాంటి ఆ పట్టును ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకుని, భుజాల దగ్గర వెండి పిన్నులతో బిగిస్తారు. ఆ పిన్నుల జతనూ, మధ్యలో వేలాడే గొలుసునూ కలిపి బుమ్ని అంటారు. ఇంటి మగ్గాలు సన్నవి కాబట్టి పన్నా చాలేది కాదు. రెండు పేలికలు నేసి పక్కపక్కన పెట్టి కుట్టేవాళ్ళు. నేసిన బట్టను వేడినీళ్ళలో కుంకుడు రసం పోసి కాళ్ళతో తొక్కేవాళ్ళు. తొక్కేకొద్దీ ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట ముడుచుకుంటుంది, దళసరి అవుతుంది, గాలి దూరదు. మంచు పడి పొలం పనులు ఆగిపోయే నెలలే నేతకు అదను. అది అమ్ముకోవడానికి కాదు, ఇంటిల్లిపాదీ కట్టుకోవడానికి.

ఉన్ని సంగతికి వస్తే గద్దీల గురించి చెప్పకుండా ముందుకు పోలేం. ధౌలాధార్ కొండల గొర్రెల కాపరులు వీళ్ళు, చంబా జిల్లాలోని భర్మౌర్ వీళ్ళ పాత ఊరు. ఎండాకాలం మందను తోలుకుని కనుమలు దాటి లాహౌల్ పచ్చిక బయళ్ళకు పోతారు, చలికాలం కాంగ్రా వైపు దిగుతారు. గద్దీ మగవాడి సంప్రదాయ దుస్తు చోళా, అంటే మోకాళ్ళ దాకా వచ్చే వదులైన ఉన్ని అంగీ. దాని మీద నడుముకు డోరా. డోరా అంటే నల్ల ఉన్నితో పేనిన తాడు. మీటర్ల కొద్దీ పొడవుంటుంది, నడుం చుట్టూ చుట్లు చుట్లుగా బిగిస్తారు. అలా బిగించాక చోళా పైభాగం పెద్ద సంచిలా ఉబ్బుతుంది. దారిలో గొర్రె ఈనితే పిల్లను ఆ సంచిలో వేసుకుని నడుస్తారు. తల్లి వెనకాలే వస్తుంది. రొట్టెలూ అందులోనే. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి నడుస్తూనే తకిలీ తిప్పి ఉన్ని వడుకుతారు. బట్టకు జేబు కుట్టడం ఎవరైనా చేస్తారు గానీ బట్టనే జేబుగా మార్చుకున్న ఈ తెలివి ముందు నాకు మన కోట్లన్నీ దండగ అనిపిస్తాయి.

మరి ఆ ముగ్గులు? అవి సట్లజ్ లోయవి. పాత బుశహర్ సంస్థానం, అందులోని కిన్నౌర్ వాటి పుట్టిల్లు. బుశహర్ రాజధాని రాంపూర్‌లో ఏటా నవంబరులో లవీ సంత జరుగుతుంది. టిబెట్ ఉన్ని ఒకప్పుడు ఆ సంతకే దిగేది. కిన్నౌర్ ఆడవాళ్ళు కట్టుకునే దోహ్రూ కూడా ఉన్ని చుట్టు బట్టే, కాకపోతే దాని అంచు మీద చూపు నిలబడిపోతుంది. పేక పోగుల మధ్య రంగు దారాలను విడిగా వేళ్ళతో చొప్పిస్తూ నేసే పని అది. ఉప్పాడ జాందానీ మగ్గం దగ్గర కాసేపు కూర్చున్నవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కిన్నౌర్‌లో బౌద్ధం పాతుకుపోయింది కాబట్టి రంగులకూ అర్థాలున్నాయి. తెలుపు నీరు, పసుపు భూమి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ గాలి, నీలం ఆకాశం. పంచభూతాల్ని అంచుకు ఎక్కించారన్నమాట.

ఈ అంచు, కులూ పట్టు కలిసింది 1940ల మొదట్లో. బుశహర్ నేతగాళ్ళు పని వెతుక్కుంటూ కులూ లోయకు వచ్చారు, వాళ్ళతో పాటు ముగ్గులూ వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సినిమా తార కూడా వచ్చింది. కులూలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఇది. 1942లో దేవికారాణి అక్కడికి వెళ్ళి, పట్టు నేత చూసి ముచ్చటపడి, పట్నంలో కప్పుకునే కొలతలో తనకొకటి కావాలంది. బనోంతర్ ఊరి షేరూరామ్ నేసిచ్చాడు. పట్టు శాలువా అయింది అప్పుడేనట. ఆ దేవికారాణి 1908లో పుట్టింది మన విశాఖపట్నం వాల్తేరులో. ‘అచ్ఛూత్ కన్య’ నాయిక, తర్వాత తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార గ్రహీత. 1945లో చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్‌ను పెళ్ళాడింది. రోరిక్‌ల ఇల్లు కులూ లోయలోని నగ్గర్‌లోనే. ఒక్క మనిషి అడిగితే ఒక పరిశ్రమ పుడుతుందా అంటే పుట్టదు. పెద్ద పన్నా మగ్గాలు, వలస వచ్చిన పనివాళ్ళు, కొనడానికి సిద్ధంగా ఉన్న పట్నం, ఇవన్నీ అప్పటికి ఒకచోట చేరాయి. కానీ ముచ్చట ముచ్చటే.

1944లో భుట్టీ గ్రామంలో పన్నెండు మంది నేతగాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. అది చతికిలపడితే 1956లో వేద్‌రామ్ ఠాకూర్ పూనుకుని నిలబెట్టాడు. భుట్టికో అనే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. 1962 యుద్ధంతో టిబెట్ కనుమలు మూతపడి అటు ఉన్ని రావడం ఆగిపోయింది. లూధియానా మిల్లు దారం, మెరీనో ఉన్ని మగ్గాల మీదికి ఎక్కాయి. ముతక పట్టు పోయి మెత్తని శాలువా మిగిలింది. పర్యాటకుల కళ్ళకు ఎరుపూ పసుపూ మరీ ఘాటుగా ఉన్నాయని లేత రంగులూ వచ్చాయి. నాకైతే ఆ లేత రంగు అంచులు ఉప్పు తగ్గిన పప్పులా ఉంటాయి.

పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కిన మరుసటేడు, 2005-06లో, కులూ శాలువాకు దక్కింది. అంచును అప్పిచ్చిన కిన్నౌర్ శాలువాకు 2010లో వచ్చింది. అయినా కులూ పేరుతో మరమగ్గం సరుకు ఇప్పటికీ అక్కడి బజారుల్లోనే అమ్ముడవుతోంది. ఈసారి మనాలి వెళ్తే, రేటు అడిగే ముందు శాలువాను తిరగేసి అంచు వెనక చూడండి. ముగ్గు వెనక, కొస నుంచి కొస దాకా కత్తిరించిన దారపు కొసలు నూగులా వరుసకట్టి ఉంటే అది సాధారణంగా మరమగ్గానిదే. ఆపైన చేనేత ముద్ర, జీఐ గుర్తు అడగండి. రెండూ లేకపోతే పెట్టేసి పక్క కొట్టుకు నడవండి.