పంపు కొట్టి వంట చేసిన రోజులు

ఈ ఎపిసోడ్ కోకాపేట నుంచి. నా వెనకాల కనిపిస్తున్నవి నియోపోలిస్ టవర్లు. 2023 ఆగస్టు వేలంలో ఇక్కడ ఎకరం వంద కోట్లు దాటింది, ఆ వార్త మీ ఫోన్లలో కూడా తిరిగే ఉంటుంది. ఈ టవర్లలో గ్యాస్ పైపులో వంటింటి దాకా వస్తుంది. నాబ్ తిప్పితే మంట. ఆ నాబ్ రాకముందు మన పట్నం ఇళ్లల్లో ఏం వెలిగేదో ఈరోజు చెప్పుకుందాం.

అది కిరోసిన్ స్టవ్. తెలంగాణలో పెద్దవాళ్లు గ్యాస్ నూనె అంటారు చూడండి, అది కిరోసినే. కోస్తాలో కిరసనాయిలు. పక్కన మరాఠీలో ఘాస్‌లేట్. అంటే ఎర్ర సిలిండర్ ఇంటికి రాకముందే గ్యాస్ అనే మాట మన నోట్లో ఉంది!

పంపు స్టవ్ పుట్టింది స్వీడన్‌లో. 1892లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేశాడు, పేరు ప్రైమస్. అదే స్వీడన్‌లో 1922లో గుస్తాఫ్ డాలెన్ అనే నోబెల్ శాస్త్రవేత్త ఆగా అనే పెద్ద ఇనుప పొయ్యి కనిపెట్టాడు. ప్రమాదంలో చూపు పోయాక కనిపెట్టాడు, అది ఇంకో విశేషం. మొదట్లో బొగ్గుతో నడిచేది, తర్వాత ఆయిల్‌తో నడిచేవీ వచ్చాయి. రాత్రీ పగలూ ఆర్పరు, చలికి ఇల్లు కూడా వెచ్చగా ఉంటుంది. మన మే నెలలో అలాంటిది ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మనకి కావాల్సింది పని అవగానే ఆరిపోయే మంట. అందుకే మన దగ్గరికి ప్రైమస్ చుట్టమే వచ్చింది.

దాన్ని వెలిగించడం ఒక విద్య. కింద ఇత్తడి ట్యాంకు, పైన బర్నర్. బర్నర్ కింద చిన్న గిన్నెలాంటి చోట కాస్త స్పిరిట్టో కిరోసినో పోసి అంటించాలి. బర్నర్ బాగా కాగాక పంపు కొట్టాలి. లోపలి గాలి ఒత్తిడికి నూనె పైకెక్కి, ఆ వేడికి ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి బుస్సుమని వస్తుంది. నీలం మంట, పక్క గదిలోకి కూడా వినిపించే చప్పుడు. రంధ్రం మూసుకుపోతే స్టవ్ పిన్నుతో పొడవాలి. బర్నర్ కాగకుండా తొందరపడి పంపు కొట్టారా, పచ్చి నూనె చిమ్మి మంట మొహం దాకా లేస్తుంది.

వత్తుల స్టవ్‌కి ఈ గోల లేదు. కానీ వాసన, మసి. 1977లో ఇండియన్ ఆయిల్ వాళ్లు తక్కువ నూనె తాగే నూతన్ స్టవ్ తెచ్చారు. 1973 ఆయిల్ షాక్ తర్వాత దేశానికి ప్రతి లీటరూ లెక్కే కదా.

ఇది ఎవరి స్టవ్ అంటే, నా లెక్క ప్రకారం అద్దె గదుల వాళ్లది. ఊళ్లో కట్టెలు, పిడకలు ఉన్నాయి. కోకాపేట కూడా అప్పుడు ఊరే. అక్కడ కిరోసిన్ ఎక్కువగా దీపానికి, పొయ్యి అంటించడానికి. సిటీలో ఒంటిగదిలో కట్టెల పొగ పెడితే ఓనర్ ఊరుకోడు. గ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్. ఎంపీ కోటా కూపన్ దొరికినవాడు అదృష్టవంతుడు. కాబట్టి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు, కొత్తగా ఉద్యోగం దొరికిన జంట, అందరూ రేషన్ షాపు ముందు డబ్బాతో క్యూ. ఆ నూనెకి నీలం రంగు కలిపేవాళ్లు, డీజిల్‌లో కల్తీ చేస్తే పట్టుకోవడానికి. బయట కొంటే తెల్లది, రేటు ఎక్కువ.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. పాత పేపర్లలో "స్టవ్ పేలి వివాహిత మృతి" అనే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. స్టవ్‌లు నిజంగా పేలేవి, కాదనను. కానీ 1970ల చివర ఆడవాళ్ల సంఘాలు ఒక సూటి ప్రశ్న వేశాయి: వంటింట్లో అత్త ఉంది, ఆడపడుచు ఉంది, మరి ప్రతిసారీ కాలిపోయేది కొత్త కోడలే ఎందుకు? ఢిల్లీలో సత్యరాణి చడ్డా అనే తల్లి 1979లో కూతురు పోయాక రోడ్డెక్కింది. మన హైదరాబాద్‌లో 1978లో మొదలైన స్త్రీ శక్తి సంఘటన కూడా ఈ చావుల గురించి మాట్లాడింది. 1983లో 498ఏ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అనుమానాస్పదంగా చనిపోతే పోస్టుమార్టం చేయించాలనే నిబంధన కూడా ఆ ఏడాదిదే. 1986లో వరకట్న మరణం అనే నేరం, 304బి, చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షన్. స్టవ్ మీదకి నెట్టేసిన కేసుల్లో మనుషుల పేర్లు రాయడానికి అన్నేళ్లు పట్టిందన్నమాట.

తర్వాత కథ త్వరగా నడిచింది. 1999 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం. డ్వాక్రా మహిళలకి కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వం కట్టింది, స్టవ్వూ రీఫిల్లూ వాళ్లే కొనుక్కోవాలి. అక్కడే చిక్కు. గ్యాస్ వచ్చిందని రేషన్ కార్డు మీద ముద్ర పడితే కిరోసిన్ తగ్గేది, లేదా ఆగిపోయేది. రీఫిల్‌కి డబ్బుల్లేని నెలలో సిలిండర్ మూలన కూర్చునేది, కట్టెల పొయ్యి మళ్లీ వెలిగేది.

అది పాత కథ అనుకుంటే, సాయంత్రం పూట ఈ టవర్లు కడుతున్నవాళ్ల రేకుల షెడ్ల వైపు ఒకసారి వెళ్లి చూడండి. ఐదు కిలోల చిన్న సిలిండర్ ఉన్నవాళ్లు దాని మీద వండుకుంటారు. లేనివాళ్లు మూడు ఇటుకలు పెట్టి, విరిగిన షటరింగ్ చెక్క ముక్కలతో అన్నం వండుకుంటారు.