మూసిన దర్వాజా, పోయిన పరపతి

తమ దేశంలోకి ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని గుమ్మంలోనే ఆపాలో తమ ఇంటి విషయమని అగ్రరాజ్యాలు అంటుంటాయి. ఇంటి విషయమే కావచ్చు. కాని ఆపినవాడికీ ఒక దేశం ఉంటుంది, ఒక ఇజ్జత్ ఉంటుంది. చరిత్ర పుస్తకాలు యుద్ధాల గురించి, ఒప్పందాల గురించి రాసినంతగా ఈ ఇజ్జత్ గురించి రాయవు.

1882లో అమెరికా చైనా కూలీలకు తలుపు మూసింది. వర్తకులకీ, విద్యార్థులకీ మినహాయింపు అని చట్టంలో రాసుకున్నారు గాని రేవులో అధికారి అందర్నీ ఒకే చూపు చూశాడు. 1905లో షాంఘై వర్తకులు అమెరికా సరుకు కొనమన్నారు. బట్ట, కిరసనాయిలు దుకాణాల్లో ఉండిపోయాయి. అప్పుడు గాని చైనా వర్తకులతో మర్యాదగా మెలగమని థియొడోర్ రూజ్‌వెల్ట్ తన అధికారులకు చెప్పలేదు. అంతదాకా వినపడని మాట గల్లాపెట్టె ఖాళీ అయితే వినపడింది.

జపాన్ కథ ఇంకా చేదు. 1919లో పారిస్‌లో నానాజాతి సమితి ఒడంబడికలో జాతుల సమానత్వం అన్న మాట చేర్చమని జపాన్ అడిగింది. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ గట్టిగా అడ్డుపడ్డాడు. మెజారిటీ అనుకూలంగా ఓటేసినా, ఏకాభిప్రాయం లేదంటూ అధ్యక్షస్థానంలో ఉన్న విల్సన్ దాన్ని పక్కన పెట్టాడు. ప్రపంచానికి ప్రజాస్వామ్య పాఠాలు చెప్పిన పెద్దమనిషే!

అయిదేళ్లకు, 1924లో, అమెరికా కొత్త వలస చట్టం తెచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు రాకూడదంది. జపాన్ పేరు ఎక్కడా లేదు. ఉండక్కర్లేదు కూడా, ఆ మాట ఎవర్ని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. మనలాంటివాళ్లకు ఈ రకం భాష కొత్త కాదు. యూరప్ దేశాల్లాగా కోటా ఇచ్చినా ఏడాదికి 250 మందికి మించి జపానీయులు వచ్చేవాళ్లు కాదు. ఆ గుప్పెడు మందిని ఆపడానికి ఒక సామ్రాజ్యాన్ని అవమానించారు. తీవ్ర పరిణామాలుంటాయని జపాన్ రాయబారి హనిహర ఉత్తరం రాస్తే, అది బెదిరింపని సెనేట్ మండిపడింది. చట్టం అమల్లోకొచ్చిన జులై 1ని జపాన్‌లో జాతీయ అవమాన దినంగా పాటించారు. అమెరికాను ప్రేమించిన, అక్కడి అమ్మాయిని పెళ్లాడిన నితొబె ఇనాజొ కూడా ఆ చట్టం పోయేదాకా ఆ గడ్డమీద అడుగు పెట్టనన్నాడు.

ఈ చట్టమే యుద్ధం తెచ్చిందనడం అతిశయోక్తి. జపాన్ సైనికవాదానికి తన సొంత ఆకలి ఉంది, కొరియా, చైనా ప్రజలు దాన్ని అనుభవించారు. కాని అమెరికాతో స్నేహం కావాలన్న జపానీయుల నోరు ఈ చట్టం మూసేసింది. చక్రవర్తి హిరోహితో సైతం యుద్ధం ముగిశాక, దాని మూలాల్ని వెతుకుతూ 1919 తిరస్కారాన్నీ, వలస నిషేధాన్నీ తలచుకున్నాడు.

మన సంగతీ చూడాలి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాదని, కాబట్టి పౌరుడు కాలేడని తీర్పు చెప్పింది. యుద్ధంలో ఆ దేశపు సైనికుడిగా యూనిఫారం వేసుకున్నవాడే అతను. ఆ తలుపులు తెరుచుకున్నది దయతో కాదు. అవసరంతో. తెల్లవాడు మిమ్మల్ని గడప తొక్కనీయడని జపాన్ ప్రచారం చైనాలో మోగుతుంటే, 1943లో చైనీయుల నిషేధం ఎత్తేసి ఏడాదికి 105 మందిని రానిచ్చారు. 1946లో భారతీయులకు 100. దానికోసం ఏళ్ల తరబడి వాషింగ్టన్‌లో తిరిగినవాళ్లలో జె.జె. సింగ్‌తోపాటు అరిజోనా రైతు ముబారక్ అలీ ఖాన్ కూడా ఉన్నాడు. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

2017 జనవరిలో ట్రంప్ ఏడు ముస్లిం దేశాల మీద నిషేధం పెట్టినప్పుడు వాటిలో ఇరాక్ ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇరాకీ సైనికులు మోసుల్‌లో అమెరికాతో కలిసి ఐసిస్‌తో పోరాడుతున్నారు. ఇరాక్ పార్లమెంటు అదే పద్ధతిలో జవాబివ్వాలంది. మార్చిలో ఇరాక్ పేరు తీసేశారు. సెప్టెంబరులో చాద్‌ను చేర్చారు. బోకో హరామ్‌తో పోరులో అమెరికాకు తోడున్న దేశమది. కొద్ది రోజులకే చాద్ నైజర్ నుంచి తన సైనికుల్ని వెనక్కి తీసుకుంది. కారణం నిషేధమేనని ఎవరూ ప్రకటించలేదు. 2018 ఏప్రిల్‌లో చాద్ పేరు కొట్టేశారు. 2025 జూన్‌లో పన్నెండు దేశాల కొత్త జాబితాలో మళ్లీ ఎక్కించారు. ఈసారి చాద్ అధ్యక్షుడు ఆగలేదు, అమెరికన్లకు వీసాలు ఆపేయమన్నాడు.