మెదడును శుభ్రపరచు ఎంజైములు

ఇంటి పెద్దలు తెలిసిన తోవ మరచినను, చెప్పిన మాటనే మరల మరల చెప్పినను, అది చాదస్తమని సరిపెట్టుకొనుట అబ్దుల్లాపూర్‌మెట్‌లోనైనను హైదరాబాదు నగరములోనైనను వాడుకయే. అది వట్టి ముసలితనము కాక వ్యాధి కావచ్చునని వైద్యలోకము గ్రహించి నూరేండ్లు దాటినది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని చేర్చిరి. ఆమె తన పేరును సైతము సరిగా వ్రాయజాలకపోయెను. 1906లో ఆమె మరణించిన పిదప డాక్టరు ఆల్జైమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల నడుమ పేరుకొనిన గడ్డలను, కణములలో చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ గడ్డలలో ముఖ్యమైనది అమిలాయిడ్ బీటా అను చిన్న మాంసకృత్తు, అనగా ప్రోటీను, అని 1980 దశకమున తేలినది.

ఈ ప్రోటీను రోగులయందే కాదు, ఆరోగ్యవంతుల మెదడులోను నిత్యము పుట్టుచునే యుండును. మరి అది పేరుకొనకుండ కాపాడుచున్నదేమి?

ఆ కాపరులలో ఇరువురు మెదడుతో సంబంధము లేని పరిశోధనలలో ముందే కనబడిరి. ఇన్సులినును ఛేదించు ఎంజైమునకు 1949లో మిర్‌స్కీ, బ్రో-కాన్ అనువారు ఇన్సులినేజ్ అని పేరిడిరి. నేడు నెప్రిలైసిన్ అని పిలువబడు ఎంజైము 1974లో కుందేలు మూత్రపిండములలో గుర్తింపబడెను. రెండును జింకు సాయముతో ప్రోటీను గొలుసులను కత్తిరించునవే. మొదటిది అమిలాయిడ్ బీటాను సైతము కత్తిరించునని 1994లో వెల్లడియయ్యెను. 2001లో జపానులోని రికెన్ సంస్థకు చెందిన ఇవాటా, సైడో ప్రభృతులు, నెప్రిలైసిన్ లేకుండ పుట్టించిన చిట్టెలుకల మెదడులో ఆ ప్రోటీను హెచ్చుటను చూపిరి.

2010లో అమెరికా శాస్త్రజ్ఞులు 12 మంది రోగులను, 12 మంది ఆరోగ్యవంతులను పోల్చి చూచిరి. అమిలాయిడ్ బీటా ఉత్పత్తి ఇరుపక్షములందును ఇంచుమించు సమానమే. దానిని తొలగించు వేగము మాత్రము రోగులలో సుమారు 30 శాతము తగ్గియుండెను. తొలగింపునకు ఎంజైములొక మార్గము, రక్తప్రవాహము మరియొకటి. ఇంటిలో చెత్త పెరుగుటకు, ఊడ్చువారు అలసిపోవుటయు కారణము కావచ్చును గదా!

ఈ ఎంజైములను పెంచి వ్యాధిని మాన్పు ఔషధము ఇంకను చేతికి రాలేదు. అయినను మతిమరుపు అంతయు ఆల్జైమర్ వ్యాధి కాదు. థైరాయిడ్ లోపము, విటమిన్ బి12 కొరత వంటి చికిత్సకు లొంగు కారణములును కలవు. కావున పెద్దల మరపును చాదస్తమని విసుగుకొనక, సకాలమున వైద్యునికి చూపుట మన విధి.