మన్యపు పోరు – రేపటి యుద్ధము

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలు సొరంగము వెడలి వచ్చినప్పుడు, కిటికీవద్ద కూర్చున్నవారికి పచ్చని కొండ తప్ప మనుష్యుడు కానరాడు. కొండమీదివానికి మాత్రము రైలంతయు కనబడుచుండును. యుద్ధవిద్య సారము ఈ చిన్న విషయములోనే యిమిడియున్నదని మా యభిప్రాయము. శత్రువును చూడవలెను, శత్రువునకు కనబడరాదు. ఉపగ్రహములు, డ్రోనులు, కంప్యూటర్లు రాబోవు యుద్ధములలో చేయు పనియు ఇదియే. దానిని గ్రహించుటకు ఒక నూరేండ్లు వెనుకకు పోవుదము.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు సేద్యమునకు అడ్డువచ్చెను. నర్సీపట్టణము–చింతపల్లి రోడ్డు పనిలో కూలి సరిగా ముట్టక మన్యప్రజలు కుమిలిపోయిరి. వారికి నాయకుడై అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను పట్టెను. చేజిక్కినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. వాని లెక్క వ్రాసి, సంతకముచేసి, ఠాణాలోనే ఉంచిపోయెను. సర్కారు తుపాకులే సర్కారుపై గురిపెట్టబడినవి.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు తెల్లదొరలు కూలిరి. ముందు నడచిన భారతీయ దళమును పోనిచ్చి, వెనుక వచ్చిన దొరలనే విప్లవకారులు కాల్చిరి. ఎవరు, ఏ త్రోవను, ఏ వరుసలో వచ్చుచున్నారో వారికి తెలియును. పటమును నమ్మి నడచిన దొరలకు ఏమియు తెలియదు. ఆనాటి విజయము ఆయుధముది కాదు, సమాచారముది.

అయితే డిసెంబరులో పెదగడ్డపాలెపు వరిపొలములలో కథ తిరుగబడెను. అడవి మరుగు లేనిచోట సర్కారు బలగముల మేలైన ఆయుధములదే పైచేయి అయ్యెను. 1924లో కొండలలో మసలనేర్చిన అస్సాం రైఫిల్స్ దళము మన్యమున దిగెను. పల్లెలనుండి విప్లవకారులకు తిండి అందకుండ సర్కారు కట్టడి చేసెను. మే 7న రాజు పట్టుబడి, కొయ్యూరులో కాల్చిచంపబడెను. అడవి దాచిన వీరుని, పల్లెల ఆకలి బయటపెట్టెనని చెప్పవచ్చును.

నేటి సైన్యములు అడవి మరుగును ఛేదించుటకు యంత్రములను తెచ్చినవి. చీకటిలోనైనను శరీరపు వేడిని పట్టి చూపు కెమెరా కలదు. దట్టమైన ఆకులు మాత్రము దానికి ఇంకను కొంత అడ్డే. 2022లో పెద్దయెత్తున మొదలైన ఉక్రెయిన్ యుద్ధములో చిన్న డ్రోనులు ఆకాశమునుండి వీడని కన్నువలె కావలికాచినవి. వాని రేడియో సంకేతమును ఎదుటివారు చెరుపజొచ్చిరి. మన రేడియోలో ఒక కేంద్రమును వినుచుండగా మరియొకటి బలముగా అడ్డుతగిలినట్లే యిది. అంతట సన్నని గాజుదారమును వెంట లాగుకొనిపోవు డ్రోనులు పుట్టినవి. దారముద్వారా పోవు సంకేతమును అట్లు చెరుపుట సాధ్యము కాదు. ఎత్తుకు పైయెత్తు, కనుమలోవలెనే.

దాగుటయు మానలేదు. 2009 జూలై 26న విశాఖలో జలప్రవేశము చేసిన అణు జలాంతర్గామి అరిహంత్ దానికి సాక్షి. ఉప్పునీరు సాధారణ రేడియో తరంగములను లోతునకు పోనీయదు. రాజునకు అడవి యెట్టిదో, జలాంతర్గామికి సముద్రము అట్టిది.

మారనిది మరియొకటి కలదు. 1924లో సైన్యమునకును విప్లవకారులకును నడుమ నలిగినవారు ఆ పల్లెల జనమే. రేపటి యంత్రము చెట్లక్రింద ఒక వేడిని చూడగలదు. అది కట్టెలు ఏరుకొను ముదుసలిదో, తుపాకి పట్టినవానిదో నిర్ణయించునది ఎవరు? యంత్రమే కాల్పు నిర్ణయము చేయవచ్చునా అని 2014 నుండియు దేశములు ఐక్యరాజ్యసమితి వేదికపై చర్చించుచున్నవి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడి, రాజు పేరు ధరించిన జిల్లాలోనే నేడు అరకులోయ యున్నది. ఆ కొండలను చూడబోవువారు వీరుని తలచుకొందురు గాక! ఆ వీరునకు అన్నము పెట్టి, అందులకు శిక్షలనుభవించిన పల్లెలనుకూడ తలచుకొనవలెనని మా మనవి.