బాటలోని గోతికి పూచీ యెవ్వరిది?

ఓరుగల్లును గూర్చి మాటాడబూనినవారు కీర్తితోరణములతోనో, వేయిస్తంభముల గుడితోనో మొదలిడుట వాడుక. నేను నేడు మాటాడబోవునది ఆ గుడి ముందరి బాటను గూర్చి. ఇంకను సరిగా చెప్పవలెనన్న, ఆ బాటలోని గోతులను గూర్చి. విషయము అల్పమని శ్రోతలు తలంపకుందురుగాక. గోతిలో పడి కాలు విరిగినవాని నష్టమును, ఇరుసు విరిగిన బండివాని నష్టమును ఎవరు భరింపవలెనను ప్రశ్న చాల పాతది. దానికి మన ఓరుగల్లుతో సంబంధమును కలదు.

క్రీ.శ. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు ఓరుగల్లునుండి పాలించుచు, కృష్ణకు దక్షిణమున సముద్రతీరమునందున్న మోటుపల్లి రేవులో ఒక శాసనము వేయించెను. దానిని అభయశాసనమందురు. పూర్వపు రాజులు, తుపానునకు చిక్కి దరికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును, బంగారమనక, ఏనుగులనక, గుర్రములనక, బలిమిచే లాగికొనుచుండిరట. గణపతిదేవుడు ఆ అలవాటును మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమును మాత్రమే గొందునని వర్తకులకు మాట యిచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చెను. రాజు నష్టపరిహారము చెల్లించెనని నేను చెప్పుటలేదు; అంతటి మాట శాసనమున లేదు. తాను పన్ను గొను త్రోవలో నష్టపడినవాని నష్టము తన బొక్కసమునకు లాభము కారాదని మాత్రమే అతడంగీకరించెను. ఈ చిన్న అంగీకారమును మనస్సున నుంచుకొనుడు. దీనితో మరల పని గలదు.

నష్టపడినవాడు బాట యజమానినే న్యాయస్థానమునకు ఈడ్చిన కథలకు ఇంగ్లండునకు పోవలెను. 1788లో, డెవను మండలమునందలి ఒక వంతెన మరమ్మతు లేక పాడైయుండగా, దానిచే బండికి నష్టము కలిగిన యొకడు ఆ మండలవాసులపై వ్యాజ్యము వేసెను. న్యాయమూర్తులు దానిని త్రోసివేసిరి. మండలవాసులకు ఉమ్మడి నిధి లేదనిరి. ఇట్టి వ్యాజ్యము నొకదానిని అంగీకరించినచో లెక్కకు మిక్కిలిగా వచ్చిపడుననిరి. ప్రజలందరికి ఇబ్బంది కలుగుటకంటె ఒక్కడు నష్టపడుటయే మేలను భావమును వెలిబుచ్చిరి. ఆ ఒక్కడు తామైనచో ఏమందురో!

ఈ తీర్పునుండి క్రమముగా ఒక విచిత్రమైన భేదము బలపడినది. బాటను బాగుచేయబోయి చెడగొట్టినచో పాలకులు పూచీపడవలెను. అసలు బాగుచేయక ఊరకున్నచో పూచీ లేదు. తవ్విన గోతికి దీపము పెట్టని సంఘము దోషి. దానంతట పడిన గోతిని పదియేండ్లు చూచుచు కూర్చున్న సంఘము నిర్దోషి. 1895లో లండనులోని ప్రివీ కౌన్సిలు సిడ్నీ నగరసభ విషయమున దీనినే స్థిరపరచెను. పార పట్టినవానికి భయమును, చేతులు ముడుచుకొన్నవానికి అభయమును ఇచ్చిన ఈ సూత్రముకంటె మరమ్మతులకు శత్రువు మరియొకటి లేదని నా అభిప్రాయము. ఇంగ్లండువారే 1961లో చట్టము చేసి దానిని రద్దుపరచిరి. తగినంత జాగ్రత్త తీసికొంటిమని ఋజువు చేసికొను బాధ్యత నాటినుండి పాలకులపై పడినది.

నిజాము రాజ్యమునకు ప్రివీ కౌన్సిలుతో నిమిత్తము లేకుండెను. 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చిన పిమ్మట ఓరుగల్లును తక్కిన దేశముతోపాటు సుప్రీంకోర్టు నీడకు చేరినది. 1951లో ఢిల్లీ చాందినీ చౌకులోని గడియారపు గోపురము కూలి కొందరు మరణించిరి. దాని వయస్సు 80 ఏండ్లు. ఆ సున్నపు కట్టడమునకు ఆయుర్దాయము 40 లేక 45 ఏండ్లు. లోపము పైకి కనబడలేదనిన నగరపాలకుల వాదమును సుప్రీంకోర్టు 1966లో త్రోసివేసి, పరీక్షించి చూచుకొనవలసిన బాధ్యత వారిదేయని చెప్పెను. అది గోపురమును గూర్చిన తీర్పేయైనను, గోతికిని ఏల వర్తింపరాదని నేనడుగుదును.

ఏలయన, గోపురమువలె గొయ్యి ఒక్క క్షణమున కూలునది కాదు. మొదట తారుపై వెంట్రుకవంటి చీలిక, అందులోనికి వాననీరు, ఆ నీటికి మెత్తబడిన క్రింది కంకర, దానిపై చక్రముల తాకుడు, పెచ్చు లేచిపోవుట. రేగడి నేలయైనచో నానినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంగి, పని మరింత త్వరపడును. బాటకు బలము కావలెనన్న నీటిని దరిజేరనీయకుమని స్కాట్లండువాడైన మకాడము రెండు వందల యేండ్లనాడే చెప్పెను. చెరువునుండి చెరువునకు నీరు నడచునట్లు ఏర్పడిన ఊరు మనది. ఆ కాలువలు ఇరుకైనచోట నీరు వీథిని కాలువగా చేసికొనును. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్లు, హనుమకొండ వీథులలో మనము చూచినది అదియే. నీరు నిలిచిన గోతిని బాగుగా ఎండనీయక, అంచులను నిలువుగా కోయక, తట్టెడు కంకర పోసి తట్టి పోయినచో, మరుసటి వానకు అదే గొయ్యి వెనుకటికంటె పెద్దదై నోరు తెరచును. చీలికనాడే చూచువారికి చాల వ్యవధి యున్నది.

2019లో మోటారు వాహనముల చట్టమునకు 198ఎ అను సెక్షను చేర్చబడినది. బాట నిర్మాణములోగాని పోషణలోగాని నిర్ణీత ప్రమాణములు పాటింపమిచే మరణముగాని అంగవైకల్యముగాని కలిగినచో, బాధ్యులైన అధికారులకును గుత్తేదారులకును లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఆ లోపము వారికి తెలియునా, తెలిసికొనదగియుండెనా యని న్యాయస్థానము ముఖ్యముగా విచారింపవలెను. మంచి చట్టమే. కాని ఆ జరిమానా కాలు విరిగినవాని చేతికి పోదు. ప్రమాదముల కొరకేర్పడిన ప్రభుత్వ నిధికి పోవును. ఆ నిధినుండి బాధితులకు సహాయము జరుగవచ్చుగాక. ఐనను ఆ సెక్షనును చదివినపుడు నాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చినది.

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మరియొక అడుగు వేసినది. గోతులవలనను, మూతలేని మురుగుగుంటలవలనను మరణించినవారి కుటుంబమునకు 6 లక్షలు, గాయపడినవారికి గాయమునుబట్టి 50 వేలనుండి రెండున్నర లక్షలవరకు చెల్లింపవలెననియు, ఆ సొమ్మును తప్పుచేసిన ఉద్యోగులనుండియు గుత్తేదారులనుండియు రాబట్టవలెననియు ఆదేశించెను. ఆ అంకెలు ప్రాణమునకును దేహమునకును. విరిగిన ఇరుసునకు కావు.

ఓరుగల్లు ఆ న్యాయస్థానపు పరిధిలోనిది కాదు. ఇచ్చట నష్టపడినవాడు సివిలు కోర్టునో హైకోర్టునో ఆశ్రయింపవలెను. ఆ బాట నగరపాలక సంస్థదో, రోడ్లు భవనముల శాఖదో, జాతీయ రహదారులవారిదో అంతకుముందే తేల్చుకొనవలెను. ఆ గొయ్యి వారికి తెలిసియే యుండెనని చూపగలిగినచో అతని పక్షమునకు బలము కలుగును. కావున నా పొరుగువారికి నేను చెప్పుచుండునది ఇది: గొయ్యి కనబడిన దినముననే, అందులో ఎవరును పడకమునుపే, వీథిపేరును తేదీని వేసి అర్జీ వ్రాయుడు, అందినట్లు కార్యాలయపు ముద్ర వేయించుకొని నకలును దాచియుంచుడు.