కరిబియన్ విహారయాత్రకు పోయే మన వారికి పాత ఓడల కథ

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊరు ఉన్నది. థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టుకున్న మెన్లో పార్క్ అక్కడిదే. 1954లో ఊరికి ఆయన పేరే పెట్టారు. 1965 నాటి వలస చట్టం తరువాత భారతీయులు క్రమంగా అక్కడ చేరారు. నేడు ఓక్ ట్రీ రోడ్డు మీద నడిస్తే చీరల దుకాణాలు, మిఠాయి దుకాణాలు, నడుమ నడుమ తెలుగు మాట. ఆ ఊళ్ళో మా బంధువుల యింట మేము కొన్ని వారాలు గడిపాము. మేము మారిషస్ చెరకు తోటల వారి సంతతి. తెలుగు కొంత పెద్దల నోట విని, మిగిలినది సభ వారి సాయంకాలపు తరగతులలో దిద్దుకున్న వాళ్ళము. ఎడిసన్ తెలుగువారు విమానంలో వచ్చినవారు; మన పూర్వులు ఓడలో వచ్చినవారు. వారు కరిబియన్ సముద్రంలో విహారయాత్రకు ఏర్పాట్లు చేసుకొంటూండగా ఆ తేడా మాకు బాగా కనబడింది.

ఎడిసన్ నుండి కారులో గంట లోపలే బేయోన్ రేవు. పూర్వం సైన్యం వాడుకున్న ఆ రేవు నుండి 2004 మొదలు విహార నౌకలు బయలుదేరుతున్నాయి. మా బంధువుల యింట ప్రతి సాయంకాలం అదే చర్చ. జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల కాలం గనుక పిల్లల వేసవి సెలవులకూ ప్రయాణానికీ పొత్తు కుదరదు. కిటికీ ఉన్న గదికి ఒక ధర, లేని గదికి ఒక ధర. శాకాహారం సంగతి ముందే చెప్పాలి. భారతదేశపు పాస్‌పోర్టు గలవారు ఏ దీవిలో దిగడానికి ఏ వీసా కావాలో చూసుకోవాలి. గ్వాడెలూప్, మార్టినీక్ ఫ్రాన్సు దేశంలో భాగాలు గనుక అక్కడ ఫ్రాన్సు వారి నిబంధనలే. ఇంత చర్చలోను ఆ దీవులలో మనుషులెవరు అన్న మాట రాలేదు. చివరకు ఇంటి చిన్నపిల్ల అడిగింది: "అక్కడ కూడా తెలుగువాళ్ళు ఉన్నారా మామయ్యా?"

ఉన్నారు, గాని ఆ పేరుతో లేరు. ఆ పిల్లకు మేము చెప్పినదే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

బానిసల విముక్తి తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిన సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. బ్రిటిషు గయానాకు మొదటి ఓడలు 1838 మే నెలలో, ట్రినిడాడ్‌కు 1845 మే 30న చేరాయి. ఇవి కలకత్తా ఓడలు. ఫ్రెంచి దీవులలో 1848లో బానిసత్వం పోయింది. 1853 మే 6న పాండిచ్చేరి నుండి 'ఓరేలీ' అనే ఓడ మార్టినీక్ చేరింది. మరుసటి సంవత్సరం డిసెంబరు చివర అదే ఓడ గ్వాడెలూప్‌కు మరొక కూలీల జట్టును తెచ్చింది. 1880లలో బ్రిటిషు ప్రభుత్వం ఈ వలసను ఆపేనాటికి గ్వాడెలూప్‌కు సుమారు 42,000 మంది, మార్టినీక్‌కు సుమారు 25,000 మంది చేరారు. వీరిలో ఎక్కువమంది దక్షిణాది వారే. గయానాకు కూడా 1845 తరువాత మద్రాసు నుండి ఓడలు పోయాయి. వాటిలో అరవవారితో పాటు తెలుగువారూ ఉన్నారు.

మన పూర్వులకు మద్రాసు నుండి మారిషస్ కొన్ని వారాల ప్రయాణం. కరిబియన్‌కు పోయినవారు మన ద్వీపమున్న ఈ సముద్రాన్నే దాటి, ఆఫ్రికా కొనను చుట్టి, అట్లాంటిక్ మీదుగా మూడు నెలలు పోవాలి. పగలు కూడా వణికించే చలి ఆ కొన దగ్గర. ఆ ప్రయాణానికి కూడా ఏర్పాట్లు చేసినవారున్నారు, పోయేవారు మాత్రం కాదు. బ్రిటిషు నిబంధనలలో పెద్దవారొకరికి 72 ఘనపుటడుగుల చోటు: ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. బియ్యము, పప్పు, మిరపకాయలు, పసుపు, ఎండుచేపలు కొలిచి ఓడలో వేసేవారు. మెడలో నంబరు గల తగరపు బిళ్ళ. ఎడిసన్‌లో మా వారు చిన్నదని వద్దన్న కిటికీ లేని గది సుమారు 150 చదరపు అడుగులు. పాత లెక్కన దానిలో పన్నెండుగురు పడుకుంటారు. నియమాలున్నా రోగం ఆగలేదు. 1856-57లో కలకత్తా నుండి కరిబియన్‌కు పోయిన ఓడలలో సగటున నూటికి 17 మంది దారిలోనే పోయారు. వారిని సముద్రంలోనే వదిలారు.

ఇక తెలుగు పేరు ఎందుకు మిగలలేదు? ఆనాటి మద్రాసు రాజధాని గంజాం నుండి తిన్నెవేలి వరకు ఉండేది. ఆ రేవులో ఓడ ఎక్కినవాడు విశాఖపట్టణం వాడైనా, తంజావూరు వాడైనా, గయానాలో దిగేసరికి 'మద్రాసీ' అయ్యాడు. ఫ్రెంచివారు అందరినీ 'మలబార్' అన్నారు, మలబారు తీరమెక్కడ, వీరెక్కడ! మనలను కోరంగి రేవు పేరుతో 'కొరంగీలు' అని చులకనగా పిలిచేవారని పెద్దలు బాధపడేవారు. ఇప్పుడనిపిస్తుంది, ఆ తిట్టులోనైనా మన ఊరు మిగిలింది. ఆ పేరుతోనే మనం గుంపుగా ఉండి రామభజన, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నిలుపుకున్నాము. తరువాత బడులు అడిగాము. గ్వాడెలూప్‌లో మారియమ్మను 'మాలియెమెన్' అని కొలుస్తారు. ఆ పూజలో నిలిచినవి అరవ మాటలు. తెలుగు ఆ పెద్ద గుంపులో కలిసిపోయింది. ఇది అరవ సోదరుల తప్పు కాదు; ఓడ కాగితం మీద గీత గీసినవాడి పని.

గుడ్డ సంగతి ఇంకా విచిత్రము. మార్టినీక్, గ్వాడెలూప్, సెయింట్ లూసియా స్త్రీలు పండుగనాడు తలకు చుట్టుకొనే రంగురంగుల గళ్ళ గుడ్డను 'మద్రాస్' అంటారు. రేవు బజారులో యాత్రికులు కొనేది కూడా అదే. మన కూలీల కంటె ముందే, 18వ శతాబ్దంలోనే, ఆ గుడ్డ వర్తకుల ఓడలలో అక్కడికి చేరింది. మద్రాసు రుమాలు అనే పేరుతో విదేశాలకు పోయిన గళ్ళ గుడ్డలను చీరాల ప్రాంతపు నేతగాండ్రు కూడా నేశారు. నేసినవాని ఊరు గుడ్డ మీద లేదు, పోయినవాని భాష పుస్తకంలో లేదు. రెంటి మీదా రేవు పేరే.

అయినా పుస్తకాలలో పుట్టిన ఊరు వ్రాసే అలవాటుండేది: పేరు, తండ్రి పేరు, వయసు, గ్రామము, జిల్లా. మన దేశంలో అప్పడు 'అప్పాదూ' అయినట్లు అక్కడి గుమాస్తా చేతిలో పేర్లు వంకర పోయాయి, గాని ఊరి పేరును బట్టి తెలుగువాని జాడ పట్టవచ్చును. దానికి తెలుగు జిల్లాల ఊళ్ళు తెలిసినవారు కావాలి. అటువంటివారు ఎడిసన్‌లో వీధికొకరున్నారు. మనకంటె వారికే ఈ పని సులువు.

అందుచేత మేము మా బంధువులకు చెప్పినది ఇది. ఇసుక తీరాల దీవులకే పోయే ఓడ కాకుండా, గ్వాడెలూప్‌లో గాని మార్టినీక్‌లో గాని ఆగే ఓడ చూడండి. ఓడ రేవులో ఉండేది ఒక్క పగలే గనుక అది పనిదినమా కాదా చూసుకోండి. గ్వాడెలూప్ పాత దస్తావేజుల కచేరీ గుర్బేర్‌లో ఉన్నది, పాయింటాపీట్ర్ రేవు నుండి కారులో సుమారు గంట. దారిలో కాపెస్టెర్ అనే ఊరు వస్తుంది. భారతీయ సంతతికి ఫ్రెంచి పౌరులుగా ఓటు హక్కు కావాలని 1904 నుండి వ్యాజ్యమాడి 1923లో గెలిచిన హెన్రీ సిదంబరం పుట్టిన ఊరు అది. ఆ ఊరి దగ్గరనే చాంగీ అమ్మవారి గుడి, రంగుల గోపురంతో రోడ్డు మీదికే కనబడుతుంది. కారు ఆపమని ముందే చెప్పుకోవాలి.