క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. శిక్షణ (భారతదేశం)

మనశ్శాస్త్రంలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్‌సి. పూర్తిచేసినవారికి మానసిక రుగ్మతల నిర్ధారణలోను, మాటల ద్వారా సాగే చికిత్సలోను ఇచ్చే రెండేళ్ల పూర్తికాలపు వృత్తి శిక్షణ. పట్టా పేరు పరిశోధనను సూచిస్తున్నా, సీనియర్ల పర్యవేక్షణలో రోగులతో నేరుగా పనిచేయడమే దీనికి ప్రధానం.

చరిత్ర

బెంగుళూరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలను ఆధారం చేసుకొని 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో, ఎం.వి. గోవిందస్వామి సారథ్యాన ఈ శిక్షణకు పునాది పడింది. కొన్ని వృత్తాంతాలు శిక్షణ ఆరంభాన్ని కూడా 1954గానే పేర్కొంటాయి. అయితే అది సంస్థ స్థాపన సంవత్సరం, మెడికల్ సైకాలజీ డిప్లొమా తరగతులు మొదలైనది 1955 జనవరిలో కనుక, ఈ రెండో తేదీయే సమంజసంగా తోస్తుంది. తరువాత దీనికి మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమా అనే పేరు వచ్చింది. రాంచీలోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్యశాలలో కూడా 1960లలో ఈ కోర్సు ప్రారంభమైంది. బెంగుళూరు సంస్థ 1974లో నిమ్హాన్స్‌గా రూపొందిన కొన్నేళ్లకు, బహుశా ఆ దశాబ్దం చివరి భాగంలో, డిప్లొమా ఎం.ఫిల్.గా మారింది.

శిక్షణ క్రమం

మొదటి ఏడాది మనోవ్యాధి శాస్త్రం, మనోవైద్యం, గణాంక పద్ధతులు బోధిస్తారు. రెండో ఏడాది నాడీ సంబంధ అంశాలు, మానసిక చికిత్సలు, శారీరక వ్యాధులలో మనసు పాత్రను పరిశీలించే బిహేవియరల్ మెడిసిన్‌తో పాటు సిద్ధాంత వ్యాసం ఉంటుంది. విద్యార్థి రోగి చరిత్రను సేకరించి, మానసిక స్థితిని పరీక్షించి, భాటియా బ్యాటరీ వంటి ప్రజ్ఞా పరీక్షలను, రోర్షాక్ వంటి వ్యక్తిత్వ పరీక్షలను జరిపి, పూర్తి నివేదికలను పర్యవేక్షకుడి ఎదుట సమర్థించుకోవలసి ఉంటుంది. రోగి చరిత్ర అతని ఇంటి భాషలోనే సక్రమంగా వెలువడుతుంది కనుక, సికింద్రాబాదులోని స్వీకార్ వంటి తెలుగు ప్రాంతపు శిక్షణ కేంద్రాల ప్రాధాన్యం గమనింపదగినది.

చట్టబద్ధత

1992 నాటి భారత పునరావాస పరిషత్తు చట్టం ప్రకారం గుర్తింపు పొందిన సంస్థలలో శిక్షణ పొందినవారే కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదుకు అర్హులు. నమోదు లేకుండా వృత్తి సాగిస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టును నిర్వచిస్తూ ఎం.ఫిల్.ను, పర్యవేక్షిత శిక్షణను స్పష్టంగా పేర్కొన్నది. పాత డిప్లొమా పేరులోని మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ కూడా ఆ నిర్వచనంలో నిలిచింది.

ప్రస్తుత స్థితి

2020 జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్.ను రద్దు చేయాలని సూచించగా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలతో దానిని అమలుపరచింది. అయితే క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు చెల్లుబాటును పొడిగిస్తూ 2024 జనవరిలో ప్రకటించింది. డిప్లొమాగా మొదలై ఎం.ఫిల్.గా మారిన ఈ శిక్షణకు రోగి సన్నిధిలో, పర్యవేక్షకుడి బాధ్యత కింద గడిపే కాలమే విలువనిచ్చింది కనుక, దీని స్థానంలో ఏ పట్టా వచ్చినా ఆ కాలాన్ని తగ్గించకుండా ఉండటమే రోగుల క్షేమానికి అవసరం.